తల మీద చేయి పెట్టే ముందు

మా కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, కోసిగి, ఆదోని, మంత్రాలయం చుట్టుపక్కల, వానలు సరిగా పడని ఏడాది ఊళ్లకు ఊళ్లు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు కదిలే లారీల్లో పెద్దవాళ్లతో పాటు 13, 14 ఏళ్ల పిల్లలూ ఉంటారు. పోని పిల్లలు అవ్వాతాతల దగ్గర మిగిలిపోతారు. నంద్యాల వైపు పత్తి విత్తనాల చేలల్లో, సాయంత్రం మొగ్గలు ఒలిచి మరునాడు పొద్దున పుప్పొడి అద్దే క్రాసింగ్ పనికి, తల్లిదండ్రులకు ముందే అడ్వాన్సు ఇచ్చి ఆడపిల్లలను కుదుర్చుకోవడం ఏళ్ల తరబడి నడిచింది. కూలీల మేస్త్రీ చేయి వేశాడని, బెంగుళూరుకు ఇంటిపనికని తీసుకుపోయిన పిల్ల ఫోను ఎత్తడం లేదని చర్చి గురువుల ఇళ్లకు వచ్చే కష్టాలు ఎక్కువగా ఈ రాకపోకల్లోనే పుడుతున్నాయి.

నేనూ గురువునే కాబట్టి ఈ మాట చెప్పే బాధ్యత నాకుంది. ఇలాంటి బిడ్డను ఆదరించడం గురించి మేము చాలా మాట్లాడతాము గానీ, ఆ బిడ్డ ఎదుట కూర్చున్న మా అధికారం గురించి దాదాపు మాట్లాడము. మేస్త్రీకి అడ్వాన్సు వల్ల వచ్చిన పెత్తనం అందరికీ కనబడుతుంది. అయ్యగారి పెత్తనం భక్తి కింద దాగి ఉంటుంది. ఒకసారి ఒక తల్లి కూతురిని వెంటబెట్టుకుని వచ్చి, విషయం పూర్తిగా చెప్పకుండానే, తల మీద చేయి పెట్టి ప్రార్థన చేయమని అడిగింది. నేను కుర్చీలో ఉన్నాను. ఆ అమ్మాయి గడప దగ్గర నిలబడి ఉంది. నేను లేచేసరికి ఆమె భుజాలు బిగుసుకున్నాయి. ప్రార్థన చేయమంటావా అని అడిగాను. "వద్దయ్యా" అంది. "అయ్యగారికే ఎదురు చెప్తావా?" అని తల్లి కసిరింది. నేను ప్రార్థన చేయలేదు, తల్లి నొచ్చుకుంది. ఎన్నాళ్లుగానో తన ఒంటి మీద తనకే మాట చెల్లని పిల్ల, సంఘంలో అందరూ లేచి నిలబడే మనిషితో వద్దు అనగలిగింది. ఆ పూట అంతకు మించిన పరిచర్య నాకు తోచలేదు.

రెండవ సమూయేలు 13వ అధ్యాయం మీద ఆదివారం ప్రసంగం వినడం అరుదు. దావీదు కొడుకు అమ్నోను తన సవతి చెల్లెలు తామారును చెరిపినప్పుడు ఆమె ముందుగా వాదించింది, వేడుకుంది, తరువాత వస్త్రం చింపుకొని కేకలు వేస్తూ వెళ్లింది. అతడు నీ అన్నే కదా, ఊరుకో అన్నాడు ఆమె సొంత అన్న అబ్షాలోము. తండ్రి, పైగా రాజు అయిన దావీదు కోపగించుకున్నాడు. ఆ పైన ఏమీ చేయలేదు. రెండేళ్లకు అబ్షాలోము అమ్నోనును చంపించాడు గానీ అది ఇద్దరు రాజకుమారుల పగ కథగా సాగిపోయింది, తామారు గొంతు మళ్లీ వినబడలేదు. మన సంఘపెద్దలు రాత్రిపూట గురువు ఇంట్లో కూర్చుని చేసే పంచాయితీలు ఇంతకంటే భిన్నంగా ఏమీ ఉండవు. అబ్బాయి కుటుంబం చందాలిచ్చే కుటుంబం, అమ్మాయికి పెళ్లి కావాలి, క్షమించమని ప్రభువు చెప్పాడు కదా, అంటారు. క్షమాపణ ఆ బిడ్డ తన సమయంలో తాను ఇవ్వవలసినదే గాని, కమిటీ ఆమె తరఫున తీర్మానం చేసి ఇచ్చేది కాదు.

పైగా బాధితులు 18 ఏళ్లలోపు వారైతే అది పంచాయితీ చేయదగిన విషయమే కాదు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం, బిడ్డపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలియజేయాలి. తెలియజేయకపోతే 21వ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. గురువులకు అందులో మినహాయింపు రాయలేదు. అందుకే, "నాతో చెప్పు తల్లీ, నా కడుపులోనే దాచుకుంటాను" అని మొదలుపెట్టడం నిలబెట్టుకోలేని మాట ఇవ్వడమే. నేను ముందే చెబుతాను: నువ్వు చెప్పేదాంట్లో కొన్ని సంగతులు నేను బయట చెప్పక తప్పదు, ఎవరికి చెబుతానో నీకు చెప్పే చెబుతాను, ఆగాలనిపిస్తే ఇక్కడే ఆగు. దీనివల్ల కొందరు ఆగిపోతారు కూడా. అయినా మోసపోయి చెప్పడం కంటే, తెలిసి ఆగడమే ఆ బిడ్డకు క్షేమమని నా అభిప్రాయం. 18 దాటిన యువతి విషయంలో ఫిర్యాదు చేయాలా వద్దా అన్న నిర్ణయం ఆమెదే. మనకు 20 ఏళ్ల అమ్మాయి కూడా చిన్నపిల్లలాగే కనబడుతుంది కనుక ఈ తేడా మరిచిపోతుంటాము.

స్టేషను మాట ఎత్తగానే కొన్ని ఇళ్లలో ఇంకొక భయం కదులుతుంది, అది బయటివాళ్లకు అర్థం కాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా లేదు. ఫిర్యాదులో పాస్టరు పేరు, చర్చి పేరు కనబడితే తమ్ముడి ఎస్సీ సర్టిఫికెట్టు, వాడి స్కాలర్‌షిప్పు ఏమవుతాయోనని తల్లిదండ్రులు నోరు మూసుకుంటారు. వాళ్లను పిరికివాళ్లని నిందించే హక్కు మనకు లేదు. సమాచారం ఫలానా వారే ఇవ్వాలని చట్టంలో లేదు. బడి టీచరు ఇవ్వవచ్చు, పిల్లల సహాయవాణి 1098కి ఎవరైనా ఫోను చేయవచ్చు, చర్చి పేరు ముందుకు రానక్కరలేదు. తన పేరు కనబడకపోతే పరిచర్య జరగనట్టే భావించే గురువులకు మాత్రం ఇది కష్టమే.

ఇక చర్చి కూటాల్లో చెప్పించే సాక్ష్యాల సంగతి. కాపాడి తెచ్చిన అమ్మాయిని ఉజ్జీవ కూటాల్లో వేదిక ఎక్కించి మైకు ఇవ్వడం, హాస్టలు నివేదికలో దాతల కోసం ఆమె ఫోటో వేయడం రెండూ నాకు అసహ్యం. బాలబాలికల విషయంలో 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షను అలా గుర్తింపు బయటపెట్టడాన్ని నిషేధించింది కూడా. సువార్తలో యేసు తిరిగి బ్రతికించిన యాయీరు కుమార్తె 12 ఏళ్ల పిల్ల. యేసు గుంపును బయటికి పంపి, తల్లిదండ్రులను, ముగ్గురు శిష్యులను మాత్రమే లోపల ఉంచుకున్నాడు. ఆమె లేచాక, ఈ సంగతి ఎవరికీ తెలియకూడదని గట్టిగా ఆజ్ఞాపించి, ఆమెకు తినడానికి ఏమైనా పెట్టమన్నాడు. సాక్ష్యం చెప్పమనలేదు.

నేరం చేసినవాడే గురువు అయినప్పుడు ఆ బిడ్డ ఎవరి గడప తొక్కాలి? మత సంస్థ యాజమాన్యంలోనో సిబ్బందిలోనో ఉన్నవాళ్లు ఆ సంస్థలోని బిడ్డపై లైంగిక దాడి చేస్తే పోక్సో దానిని తీవ్రతరమైన నేరంగా లెక్కిస్తుంది. కథోలిక సంఘంలో 2019లో పోప్ ఫ్రాన్సిస్, ఇలాంటి సంగతి తెలిసిన గురువులు, మఠవాసులు సంఘాధికారులకు తెలియజేయడం తప్పనిసరి చేశారు. మన ఊరి సంఘాల్లో అడిగితే చాలాచోట్ల వచ్చే జవాబు, కమిటీకి చెప్పుకోవాలని. ఆ కమిటీకి అధ్యక్షుడు గురువే. ఆరాధన వేళలు రాసే బోర్డు మీద 1098 కూడా పెద్ద అంకెల్లో రాయించాలని నేను ప్రతిపాదిస్తే, బయటివాళ్లు చూస్తే మన గురించి ఏమనుకుంటారు అని ఇద్దరు పెద్దలు అడ్డుపడ్డారు. స్త్రీల సమాజం వాళ్లు మాత్రం రాయించమంటున్నారు. వచ్చే కమిటీలో వాళ్లనే వచ్చి మాట్లాడమన్నాను.