ట్రక్కు కొనే ముందు పడవను కాటా వేయించాను

పోయిన ఆదివారం మా పడవ మొదటిసారి టెక్సోమా సరస్సులో దిగింది. దాన్ని లాగే ట్రక్కు కోసం నాలుగు నెలలు తిరిగాను. ఆ తిరుగుడులో పడ్డ మాటలు ఇంకా మంటగానే ఉన్నాయి, ఆ మంట ఆరకముందే రాసేస్తున్నాను.

మేముండేది డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో. పడవ 24 అడుగులది. డెనిసన్‌లో ఒక పెద్దాయన దగ్గర ఒక్క పూటలో బేరం కుదిరింది. పడవ కాగితాలు పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖలో, ట్రైలర్ కాగితాలు కౌంటీ పన్నుల కార్యాలయంలో మార్పించుకోవాలి. ఆ రెండూ వేర్వేరని తెలిస్తే చాలు, అక్కడ ఇబ్బందేమీ లేదు. ట్రక్కు కొనేదాకా పడవను తన షెడ్డులోనే ఉంచుకోమంటే ఆయన సరేనన్నారు.

బరువెంత అని అడిగితే ఆయన కంపెనీ పుస్తకం తెరిచి 4,400 పౌండ్లని చూపించారు. సగటు పికప్ ఏదైనా లాగేస్తుందని నేను సంబరపడ్డాను. అప్పుడు మా నాన్నగారు మా దగ్గరే ఉన్నారు. బెజవాడ నుంచి కలకత్తాకు పాత ఐదో నంబరు రహదారి మీదుగా 27 ఏళ్లు లారీ నడిపిన మనిషి. ఆయన అడిగింది ఒక్కటే: "కాటా వేయించావా?"

వేయించలేదు. వేయించాలన్న ఆలోచనే రాలేదు. హైవే పక్కన లారీలు ఆగే చోట్ల పసుపు నలుపు బోర్డుతో క్యాట్ స్కేల్ అనే లారీల కాటా ఉంటుంది. ఎన్నోసార్లు దాని పక్క నుంచే వెళ్లినా నాకు పట్టలేదు. నాన్నగారు మాత్రం ఆ బోర్డు మీది పేరు చదివి వినిపిస్తే, "ఇదిగో, ఇక్కడా కాటా అనే అంటున్నారు" అని సంతోషపడ్డారు.

పెద్దాయన తన ట్రక్కుకు పడవ తగిలించి తీసుకొచ్చారు. మొత్తం కలిపి 14,260 పౌండ్లు. ట్రైలర్ విప్పి ట్రక్కును ఒక్కదాన్నే తూచితే 6,840. అంటే పడవ, ట్రైలర్ కలిసి 7,420. పుస్తకంలో ఉన్నది ఉత్త డొల్ల బరువు. దానికి సుమారు 550 పౌండ్ల మోటారు, 80 గేలన్ల పెట్రోలు, రెండు ఇరుసుల ట్రైలర్, బ్యాటరీలు, లంగరు, తాళ్లు కలపాలి. పెట్రోలు గేలనుకు ఆరు పౌండ్ల పైనే తూగుతుంది. ఇంకో సంగతి: పడవ తగిలించి ఉన్నప్పుడు ట్రైలర్ చక్రాల కింద పడ్డది 6,720 మాత్రమే. మిగిలిన 700 పౌండ్లు ట్రక్కు వెనక భాగం మోస్తోంది. ఈ 700 దగ్గరే అసలు కథ మొదలైంది.

చీటీ జేబులో పెట్టుకుని ఒక పెద్ద డీలర్ దగ్గరికి వెళ్లాం. ఊరు, పేరు రాయను. సేల్స్‌మన్ మమ్మల్ని నేరుగా అన్నింటికన్నా ఖరీదైన అర టన్ను పికప్ (అది రకం పేరే, మోసే బరువు కాదు) దగ్గరికి తీసుకెళ్లాడు. తోలు సీట్లు, పైకప్పంతా అద్దం. "11,000 పౌండ్లు లాగుతుంది, మీ పడవ దీనికొక లెక్కా?" అన్నాడు. డ్రైవర్ తలుపు తెరిచి, పక్క చట్రం మీద ఉండే పసుపు స్టిక్కరు చూస్తానన్నాను. అతను తలుపుకు అడ్డంగా నిలబడి, "ట్రైలర్ ఎప్పుడైనా లాగారా? మొదటిసారి కొనేవాళ్లే ఈ స్టిక్కర్ల గురించి అడుగుతారు" అని నవ్వాడు. పక్కనున్న ఇద్దరు కొనుగోలుదారులు కూడా నవ్వారు. మా ఆవిడ తల దించుకుంది. మా పెద్దవాడు నా వంక చూశాడు. నాన్న ఏం చెబుతాడా అన్న ఆ చూపును నేను మరచిపోలేను.

అతన్ని పక్కకు జరగమని తలుపు తీశాను. మనుషులు, సామాను కలిసి 1,340 పౌండ్లు మించకూడదని ఆ స్టిక్కరు మీద స్పష్టంగా అచ్చు వేసి ఉంది.

అక్కడే ఫోనులో లెక్క వేశాను. మేం ఐదుగురం 725. ఐసు పెట్టె, కుర్చీలు, పొయ్యి, తిండి 200. ట్రైలర్ తగిలించే ఇనుప కొక్కెం 40. పడవ వెనక మోపే బరువు 700. మొత్తం 1,665. ఇంటి నుంచి కదలకముందే 325 పౌండ్లు ఎక్కువ. కంపెనీలు చెప్పే 11,000, 13,000 లెక్కలో బండిలో ఉండేది తలా 150 పౌండ్ల చొప్పున ఇద్దరే. మాలాంటి ఐదుగురి సంసారం, సామాను ఆ లెక్కలోకి రావు.

ఇదంతా చెబుతుంటే అతను మేనేజరును పిలిచాడు. ఆ స్టిక్కరు చట్టం కోసం అంటించే కాగితమని, టెక్సాస్‌లో దాన్ని పట్టించుకునేవాళ్లు లేరని మేనేజరు సెలవిచ్చాడు. ఈలోగా నాన్నగారు ట్రక్కు వెనక్కి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, బంపరు కింద దుమ్మును తన తుండుతో తుడుస్తున్నారు. "నూనె కారుతోందేమో చూస్తున్నారా పెద్దాయన?" అన్నాడు సేల్స్‌మన్.

నాన్నగారికి ఇంగ్లీషు రాదు గాని అంకెలు చదవగలరు. "ఒరే అబ్బాయ్, ఇక్కడ రెండు వరసలు ఉన్నాయి" అన్నారు. నేనూ వంగి చూశాను. కొక్కెం దిగే ఇనుప గొట్టం మీదే ఇంకో స్టిక్కరు ఉంది. మామూలుగా తగిలిస్తే 5,000 పౌండ్లు, దాని మీద మోపే బరువు 500. బరువును అన్ని ఇరుసులకూ పంచే ప్రత్యేకమైన కొక్కెం (హిచ్) పెడితేనే పెద్ద అంకెలు. మా ట్రైలర్‌కు ఉన్నవి ముందుకు తోసుకువచ్చినప్పుడు వాటంతట అవే పడే సర్జ్ బ్రేకులు. ఆ హిచ్‌లు చాలావరకు వాటితో పొసగవు. అంటే ఆ ట్రక్కు మాకు రెండు విధాలా పనికిరాదు. ఆ సంగతి పట్టుకున్నది వాళ్లు ఎగతాళి చేసిన డెబ్బై ఏళ్ల మనిషి.

అదే వరసలో అదే మోడల్ సాదా రకం ఒకటి ఉంటే దాని తలుపూ తీయించాను. 1,690. అద్దం కప్పు, కరెంటు మెట్లు, తోలు సీట్లు లేకపోవడమే ఆ తేడా. పై రకానికి వేలకు వేలు పోసి మోసే శక్తిని పోగొట్టుకుంటాం. అయినా 25 పౌండ్ల మిగులుతో పిల్లలను ఎక్కించుకుని హైవే ఎక్కలేను. వచ్చేశాం. కారులో నాన్నగారు ఒక్క మాటా మాట్లాడలేదు. తుండు మడిచి ఒళ్లో పెట్టుకున్నారు.

సేల్స్‌మన్ మాట నమ్మి సంతకం పెట్టవద్దు. వాళ్లకు కావలసింది ఆ నెల అమ్మకాల లెక్క. ఆ బండి వెనక కూర్చునేది మన పిల్లలు. మీరు కొనబోయే ఆ ఒక్క ట్రక్కు తలుపు మీది స్టిక్కరే చదవండి. పక్కదానిది చదివినా లాభం లేదు. చూపించడానికి తటపటాయించే చోట క్షణం నిలబడకండి. పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లండి. వాళ్లు అడిగే ప్రశ్నలు మనకు తోచవు.

ఆ తరువాత ఒక మెట్టు పైనుండే ముప్పావు టన్ను రకం ట్రక్కులే చూశాం. డీజిల్ కొనమని స్నేహితులంతా పోరు పెట్టారు. డీజిల్ ఇంజను చాలా బరువు. మొత్తం బండి పరిమితి 10,000 పౌండ్ల దగ్గరే ఉండే రకాల్లో ఆ ఇంజనే మన సామాను వాటాను తినేస్తుంది. నెలకు రెండుసార్లు 70 మైళ్లు వెళ్లే మాకు పెట్రోలు ఇంజను చాలు. షెర్మన్‌లో ఒక చిన్న డీలర్ దగ్గర వాడిన బండి దొరికింది. స్టిక్కరు 2,980. ఆయన అడగకుండానే తలుపు తీసి చూపించాడు. ఖాళీగా ఉన్నప్పుడు కాస్త కుదుపుతుంది, గ్యారేజీలో పట్టదు. ఆ రెండూ భరిస్తున్నాం.

మొదటి రోజు బయలుదేరేటప్పుడే ఒక చిక్కు వచ్చింది. ఇంటి దగ్గర వాలు మీద వెనక్కి నెట్టితే సర్జ్ బ్రేకులు పట్టేస్తాయి. రివర్సు వేయగానే వాటిని వదిలించే అయిదో తీగ ఉంటుంది. అది నాలుగు తీగల ప్లగ్గుకు అందదు. బండికి ఏడు పిన్నుల సాకెట్టు ఉంది కాబట్టి, దారిలో సరైన అడాప్టరు కొనుక్కుంటే సరిపోయింది. టెక్సాస్‌లో 4,500 పౌండ్లు దాటిన ట్రైలర్‌కు బ్రేకులు తప్పనిసరి, అందుకని ఆ తీగను ముందే సరిచూసుకోండి. తిరిగి వచ్చేటప్పుడు పడవలోని నీళ్లన్నీ వంపేయాలి. బయటి నుంచి వచ్చి వేగంగా పాకే జీబ్రా ఆల్చిప్పలు 2009లో టెక్సోమాలో బయటపడ్డాయి, వాటిని వేరే సరస్సుకు మోసుకెళ్లకూడదు.

ఆదివారం పొద్దున అందరం ఎక్కాక, ఐసు నింపాక, సరస్సుకు వెళ్లే దారిలోనే మళ్లీ కాటా ఎక్కించాను. ట్రక్కు ఇరుసుల మీద 8,680. పరిమితి 10,000. చీటీ నాన్నగారి చేతికిచ్చాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని మూడు అంకెలూ వేలితో ఒక్కొక్కటిగా కూడి చూసుకుని, చీటీని చొక్కా జేబులో పెట్టుకుని, "ఇక పోనీ" అన్నారు.