85 మిలియన్ల వీడ్కోలు

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ NFLలో డెన్వర్ జట్టు బ్రాంకోస్ తన క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపించే ఆటగాడు) రసెల్ విల్సన్‌ను వదిలేస్తోందని 2024 మార్చిలో తెలిసినప్పుడు చాలా బాధేసింది. నేను డెన్వర్ వచ్చాకే ఈ ఆట మీద నాకు ప్రేమ పుట్టింది. ఆయన మీద ఎంతో ఆశ పెట్టుకున్నాను.

2022లో సియాటిల్ జట్టుకు డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట) రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, రెండు సెకండ్ రౌండ్ పిక్‌లు, ముగ్గురు ఆటగాళ్లను కూడా ఇచ్చి తెచ్చుకున్నారు. సీజన్ మొదలవకముందే దాదాపు 245 మిలియన్ డాలర్ల కొత్త కాంట్రాక్ట్.

పంపేసినా సాలరీ క్యాప్ (ఆటగాళ్ల జీతాలకు జట్టు ఏడాదికి ఎంత ఖర్చు పెట్టొచ్చో లీగ్ పెట్టిన పరిమితి) లెక్క మాత్రం వదలదు. ముందే చెల్లించిన బోనస్‌ను క్యాప్‌లో ఏళ్ల తరబడి సర్దుతారు. ఆటగాడు వెళ్లిపోతే మిగిలిన వాటా, గ్యారంటీ జీతంతో కలిసి డెడ్ మనీగా మీద పడుతుంది. ఇక్కడ అది 85 మిలియన్లు! అప్పటివరకు లీగ్‌లో ఏ జట్టూ ఒక్క ఆటగాడి కోసం అంత మోయలేదు. జూన్ 1 తర్వాత వదిలేసినట్టు లెక్కించే నిబంధన వాడుకుని రెండేళ్లకు పంచారు. ఇంకొన్నాళ్లు ఉంచుకుని ఉంటే 2025కి మరో 37 మిలియన్లు గ్యారంటీ అయ్యేవి. అంత జీతం నెత్తిన పెట్టుకుని ఆయన్ని ట్రేడ్‌లో ఎవరు తీసుకుంటారు చెప్పండి?

ఆ తర్వాత పిట్స్‌బర్గ్ జట్టు ఆయన్ని కనీస వేతనానికి తీసుకుంది, మిగతాది డెన్వరే కట్టింది. ఇక్కడ కొత్త కుర్రాడు బో నిక్స్ అదే ఏడాది జట్టును ప్లేఆఫ్స్‌కి చేర్చాడు.

వదిలేయడం సరైన నిర్ణయమే. కానీ 2023 చివరి రెండు మ్యాచ్‌ల్లో ఆయన్ని బెంచ్ మీద కూర్చోబెట్టడం మాత్రం నాకు ఇప్పటికీ నచ్చదు.