ముట్టు ఆగే వయసు: గర్భసంచి వేరు, అండాశయాలు వేరు

నలభై దాటాక నెలసరి తప్పుతూ, వచ్చినప్పుడు విపరీతంగా అవుతుంటే మన నల్లగొండ, పాలమూరు ఊళ్లలో ముందు వినిపించే సలహా "గర్భసంచి తీయించుకో, పీడ పోతది" అని. ఎంత తొందరపాటు మాటో! ముట్టు ఆగిపోవడం గర్భసంచి జబ్బు కాదు, అండాశయాల పని పూర్తికావడం. పిల్లల విషయమైనా, ఆపరేషన్ విషయమైనా, ఎముకల విషయమైనా ఈ తేడా తెలిస్తేనే సరైన నిర్ణయం తీసుకోగలం.

ఆడపిల్ల పది, ఇరవై లక్షల అండాలతో పుడుతుంది. పెద్దమనిషి అయ్యేసరికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి. ఆ తర్వాత తరగడమే తప్ప కొత్తవి రావు. 37 దాటాక ఆ తరుగుదల ఇంకా జోరందుకుంటుంది, మిగిలినవాటిలో లోపాలున్న అండాలు ఎక్కువవుతాయి. అందుకే నెలనెలా ముట్టు సరిగ్గా వస్తున్నా గర్భం అంత సులువుగా నిలవదు, నిలిచినా పోయే ప్రమాదం ఎక్కువ. మన దేశంలో ముట్టు ఆగే సగటు వయసు 46, 47. గర్భం దాల్చే శక్తి అంతకు చాలా ఏళ్ల ముందే అడుగంటుతుంది. 35 దాటినవాళ్లు ఆరు నెలలు చూసినా నెల తప్పకపోతే ఇంకో ఏడాది ఆగకుండా డాక్టర్‌ను కలవాలి. ఐవీఎఫ్ (ల్యాబులో పిండం తయారుచేసి గర్భసంచిలో పెట్టే పద్ధతి) ఉన్న అండాలతోనే పని చేస్తుంది, లేనివాటిని పుట్టించలేదు. దాత అండంతో (వేరే స్త్రీ ఇచ్చిన అండంతో) ప్రయత్నించడానికి ఇలాంటి చికిత్సలపై వచ్చిన 2021 చట్టం స్త్రీకి 50 ఏళ్ల వరకు అనుమతిస్తుంది కానీ ఆ వయసు కాన్పులో బీపీ, షుగర్ ముప్పు చిన్నది కాదు.

అలాగని 44 ఏళ్లకు నెల తప్పితే "ఆగిపోయినట్టుంది" అనుకుని ఊరుకోవద్దు. గర్భం కూడా కావచ్చు. ఆశా కార్యకర్త దగ్గర గర్భ పరీక్ష చేసుకునే నిశ్చయ్ కిట్ దొరుకుతుంది, ముందు ఆ పరీక్ష చేసుకోవాలి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కానివాళ్లు 50 లోపు ముట్టు ఆగితే రెండేళ్లు, 50 దాటాక ఆగితే ఏడాది గర్భం రాకుండా జాగ్రత్త పడాలి. ట్యూబులు కోసి కట్టే ఆ ఆపరేషన్ వల్ల ముట్టు తొందరగా ఆగదు, అండాశయాలను అది ముట్టుకోదు.

గర్భసంచి తీసేయడం మాత్రం వేరే సంగతి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తంలో 3.2 శాతం, తెలంగాణలో 7.7 శాతం. తెల్లబట్ట, నడుమునొప్పి లాంటివాటికి కూడా తీయించుకుంటున్నారు. తెల్లబట్టకు చాలావరకు మందులు సరిపోతాయి. నడుమునొప్పికైతే అసలు కారణం తరచుగా గర్భసంచి కానే కాదు. రక్తస్రావం ఎక్కువైతే హిమోగ్లోబిన్, థైరాయిడ్, స్కానింగ్, అవసరమైతే గర్భసంచి లోపొర ముక్క తీసి చేసే పరీక్ష, ఇవి అయ్యాకే నిర్ణయం. రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు, హార్మోన్ మాత్రలు, గర్భసంచిలో పెట్టే హార్మోన్ విడుదల చేసే లూప్, వీటితో చాలామందికి కత్తి అవసరమే రాదు. ఆ లూప్ ఐదేళ్లకు పైగా పనిచేస్తుంది.

తప్పనిసరి అయితే "అండాశయాలు ఉంచుతున్నారా, తీస్తున్నారా?" అని సంతకం పెట్టకముందే అడగండి. డిశ్చార్జ్ కాగితంలో టీఏహెచ్ అని మాత్రమే ఉంటే పొట్ట కోసి గర్భసంచి తీశారని. పక్కన బీఎస్‌ఓ అని కూడా ఉంటే రెండు వైపులా ట్యూబులు, అండాశయాలు పోయినట్టే. అవి పోతే అక్కడ తయారయ్యే ఈస్ట్రోజన్ హార్మోన్ ఒక్కసారిగా పడిపోయి వేడి ఆవిర్లు, నిద్రలేమి, ఎముకల నష్టం త్వరగా మొదలవుతాయి. 45 లోపు ఇలా జరిగినవాళ్లకు, వద్దనడానికి కారణం లేకపోతే, 50 వరకు హార్మోన్ మందులు వాడడం మంచిది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు, రక్తం గడ్డలు కట్టినవాళ్లకు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు ఇవి సాధారణంగా ఇవ్వరు. అండాశయాలు ఉంచినా కొందరిలో అవి కొన్నేళ్లు ముందే చాలిస్తాయి. పనుల కోసం వలస వెళ్లేవాళ్లు ఆ కాగితం ఫొటో ఫోన్‌లో ఉంచుకోవాలి.

ఏడాది పాటు ముట్టు రాలేదంటే ఆగిపోయినట్టు లెక్క. ఆ తర్వాత ఒక్క చుక్క రక్తం కనపడినా పరీక్ష చేయించాల్సిందే. స్కానింగ్‌లో గర్భసంచి లోపొర 4 మిల్లీమీటర్లు దాటితే ముక్క పరీక్ష అడగాలి. మూత్రంలో మంట మాటిమాటికి వస్తుంటే యోని లోపలి భాగాలు పొడిబారడం కారణం కావచ్చు. దానికి యాంటీబయాటిక్ ఒక్కటే సరిపోదు, ఈస్ట్రోజన్ క్రీమ్ మేలు చేస్తుంది. ఈ సంగతులు మగ డాక్టర్ ముందు చెప్పలేక ఏళ్ల తరబడి భరించేవాళ్లను చూస్తే బాధగా ఉంటుంది. 2023 మార్చి 8న తెలంగాణలో మొదలైన ప్రభుత్వ ఆరోగ్య మహిళ సేవల్లో ముట్టు ఆగే దశ సమస్యలు కూడా ఉన్నాయి. దగ్గరి పీహెచ్‌సీలో అవి ఉన్నాయో లేదో ఆశాను అడగండి.

ఎముకల దగ్గరికి వస్తే, ముట్టు ఆగినవాళ్లకు రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. మన జొన్న రొట్టె బలమైన తిండే అయినా వంద గ్రాముల జొన్నల్లో కాల్షియం 30 మిల్లీగ్రాములు కూడా లేదు. వంద గ్రాముల తైదల్లో (రాగుల్లో) 350 దాకా ఉంది. తైద జావ, అర లీటరు పాలు పెరుగు, రెండు చెంచాల నువ్వుల పొడి కలిస్తే దాదాపు సరిపోతుంది. మాత్రలు వాడితే ఒక్కసారి 500 మిల్లీగ్రాములు మించకుండా, ఐరన్ మాత్రకు రెండు గంటల ఎడంతో వేసుకోవాలి.

నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరునీళ్లు తాగినవాళ్లకు ఇంకో చిక్కుంది. కృష్ణా నీళ్లు వచ్చినా ఎముకల్లో పేరుకున్న ఫ్లోరైడ్ అంత తొందరగా పోదు. అలాంటి ఎముక స్కాన్‌లో గట్టిగా కనిపించి కూడా పెళుసుగా ఉండొచ్చు. కాబట్టి డెక్సా (ఎముకల సాంద్రత కొలిచే స్కాన్) రిపోర్టు బాగుందని నిశ్చింతగా ఉండకూడదు. మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు అందుకోవడం, గడ్డం రొమ్ముకు ఆనించడం, చేతులు మడిచి తల వెనక పెట్టడం, ఈ మూడింట్లో ఏది కష్టమైనా ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల జబ్బు) అనుమానం ఉందని, ఏ ఊరి నీళ్లు ఎన్నేళ్లు తాగారో డాక్టర్‌కు మీరే చెప్పండి.