అలాస్కాలో బదిలీ లేని న్యాయమూర్తులు

విశాఖపట్నం కోర్టుల్లో వకాలతు దాఖలు చేసే మాకు కేంద్ర చట్టం కింద వచ్చిన కేసుకూ రాష్ట్ర చట్టం కింద వచ్చిన కేసుకూ కోర్టు గుమ్మం దగ్గర తేడా కనిపించదు. ఏజెన్సీ నుంచి వచ్చే గంజాయి కేసు పార్లమెంటు చేసిన చట్టం కింద నమోదైనా, దాన్ని విచారించేది మన రాష్ట్ర సెషన్స్ జడ్జీయే. అమెరికాలో ఫెడరల్ చట్టాలకు విడిగా ఫెడరల్ జిల్లా కోర్టులున్నాయి. ఆ కోర్టుల న్యాయమూర్తులను అధ్యక్షుడు ప్రతిపాదిస్తే సెనేట్ ఆమోదిస్తుంది. వారికి పదవీ విరమణ వయసు లేదు, బదిలీలు లేవు, తమ జిల్లాలోనే నివసించాలని చట్టం చెబుతుంది.

అలాస్కా రాష్ట్రమంతా అలాంటి ఒకే జిల్లా. విస్తీర్ణంలో ఆంధ్రప్రదేశ్‌కు పది రెట్లకు పైబడినా, 2020 లెక్కల ప్రకారం జనాభా 7.33 లక్షలే, 2011 నాటి విశాఖ నగర జనాభాలో అది సగం కూడా కాదు. మంజూరైన న్యాయమూర్తి పదవులు 3. యాంకరేజ్, ఫెయిర్‌బ్యాంక్స్, జూనో, కెచికాన్, నోమ్ పట్టణాల్లో కోర్టు నిర్వహించవచ్చునని చట్టం పేర్కొంటోంది. వీటిలో జూనో రాష్ట్ర రాజధాని అయినా, అక్కడికి బయటి నుంచి రోడ్డు మార్గం లేదు.

1959లో రాష్ట్రం కాకముందు అక్కడి న్యాయమూర్తులకు నాలుగేళ్ల పదవీకాలమే ఉండేది, రాజకీయ పలుకుబడి గలవారికి ఆ పదవులు దక్కేవి. 1900లో నోమ్‌కు వచ్చిన న్యాయమూర్తి ఆర్థర్ నోయెస్, వచ్చీ రాగానే అలెగ్జాండర్ మెకెంజీ అనే రాజకీయ నాయకుడిని రిసీవర్‌గా (వివాదంలో ఉన్న ఆస్తిని కోర్టు తరఫున చూసుకునే వ్యక్తిగా) నియమించి, బంగారం పడిన స్థలాలను అతని చేతిలో పెట్టాడు. శీతకాలంలో సముద్రం గడ్డకట్టి ఓడలు ఆగిపోయే ఆ ఊరి నుంచి అప్పీలు కాగితాలు శాన్‌ఫ్రాన్సిస్కోకు చేరాలి. అక్కడి అప్పీలు కోర్టు ఇచ్చిన ఉత్తర్వులను కూడా వారు ఖాతరు చేయకపోవడంతో, చివరకు మెకెంజీకి కోర్టు ధిక్కారం కింద ఏడాది జైలు శిక్ష పడింది. అధ్యక్షుడు మెకిన్లీ అతన్ని క్షమించి వదిలేశాడు. (పలుకుబడి అంటే అదీ!) నోయెస్ చేసిన గందరగోళాన్ని చక్కబెట్టడానికి 1901లో జేమ్స్ వికర్‌షామ్ అనే మరో న్యాయమూర్తిని పంపారు.

జీవితకాల పదవి విలువ ఎక్సాన్ వాల్డెజ్ కేసులో తెలుస్తుంది. 1989 మార్చి 24న ఆ పేరుగల చమురు నౌక అలాస్కా తీరంలో బ్లై దిబ్బను ఢీకొని ముడి చమురు సముద్రం పాలైంది. 1984లో నియమితుడైన రస్సెల్ హాలండ్ ఆ వ్యాజ్యాన్ని యాంకరేజ్‌లో విచారించాడు. 1994లో జ్యూరీ 500 కోట్ల డాలర్ల శిక్షాత్మక పరిహారం విధించింది. అప్పీలు కోర్టు తిప్పి పంపిన ప్రతిసారీ ఆ రికార్డును మళ్లీ తెరిచింది హాలండే. 2002లో ఆయన ఆ మొత్తాన్ని 400 కోట్లకు తగ్గించాడు, 2004లో 450 కోట్లుగా నిర్ణయించాడు. 2008లో సుప్రీంకోర్టు దాన్ని 50.75 కోట్లకు కుదించింది. సాక్షి ముఖం చూసిన జడ్జి వాదనలు వినేలోగా బదిలీ అయిపోవడం మామూలైన మన దగ్గర, ఇంత పెద్ద దావాలో ఇలాంటి కొనసాగింపును ఊహించడం కష్టం.

అయితే బదిలీ లేని చోట ఖాళీ కూడా సులువుగా నిండదు. మన దగ్గర జడ్జి లేని కోర్టుకు హైకోర్టు పక్క జడ్జిని ఇన్‌చార్జిగా పెడుతుంది. అక్కడ శాశ్వత నియామకం వాషింగ్టన్ రాజకీయాల మీద ఆధారపడి ఉంటుంది. 2021 చివర్లో ఒకరు సీనియర్ హోదాకు (పూర్తికాలపు పదవి వదిలి, తగ్గించిన పనిభారంతో కొనసాగే హోదాకు) మారారు, 2024 జూలైలో మరొకరు ప్రవర్తనపై విచారణ దరిమిలా రాజీనామా చేశారు. దాంతో అప్పట్లో పూర్తికాలపు న్యాయమూర్తిగా షారన్ గ్లీసన్ ఒక్కరే మిగిలారు. సీనియర్ న్యాయమూర్తులు, ఇతర రాష్ట్రాల నుంచి తాత్కాలికంగా వచ్చేవారు కొంత భారం మోస్తారన్నది నిజమే కానీ, చేపల వేట హక్కులు, ఆదివాసీల భూములు, చమురు లీజుల వివాదాలను ఆ నేల తెలిసిన జడ్జి వినడమే మేలని నా అభిప్రాయం.