అమ్మా, మనదీ ఒక స్తంభమేనా?

నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టెల్‌వేన్‌లో మా అమ్మాయి బడిలో పిల్లలు క్లాసు ముందు నిలబడి ఏదో ఒక విషయం మీద మాట్లాడాలి. దాన్ని స్ప్రేక్‌బ్యూర్ట్ అంటారు. పదకొండేళ్ల మా అమ్మాయి ఈసారి డచ్ రాజకీయ నాయకుడు హాన్స్ ఫాన్ మీర్లోని ఎంచుకుంది. గాంధీగారి గురించి చెబుతుందని ఆశపడ్డాను. 1967 ఎన్నికల ప్రచార ఫిల్ములో రెయిన్‌కోటు వేసుకుని ఆమ్‌స్టర్‌డామ్‌లో నడిచే ఆ మనిషి తనకు నచ్చాడు.

రాత్రి భోజనాలయ్యాక ఇద్దరం కలిసి చదివాం. 1931లో బ్రేడాలో కేథలిక్ కుటుంబంలో పుట్టాడు. నైమేగన్‌లోని కేథలిక్ యూనివర్సిటీలో లా చదివాడు. ఆ రోజుల్లో ఇక్కడ సమాజమంతా స్తంభాలుగా ఉండేదట. కేథలిక్కులకు, ప్రొటెస్టెంట్లకు, సోషలిస్టులకు ఎవరి పేపరు, రేడియో, యూనియను, పార్టీ వాళ్లవే. పక్కపక్క ఇళ్లలో ఉన్నా ఒకరి జీవితంలోకి ఒకరు వచ్చేవాళ్లు కాదు. ఫాన్ మీర్లో మాత్రం ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లి ఒక లిబరల్ పత్రికలో జర్నలిస్టు అయ్యాడు. 1966లో మిత్రులతో కలిసి డీ66 పార్టీ పెట్టాడు. మరుసటి ఏడే పార్లమెంటు దిగువ సభలోని 150 సీట్లలో 7 వచ్చాయి. 1994లో విదేశాంగ మంత్రి అయ్యాడు. 1918 తర్వాత క్రైస్తవ పార్టీలు లేకుండా ఏర్పడిన మొదటి ప్రభుత్వం అదే.

అక్కడ పుస్తకం మూసి అడిగింది: "అమ్మా, మనదీ ఒక స్తంభమేనా?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. శనివారం తెలుగు క్లాసు, ఉగాది, వినాయక చవితి, పుట్టినరోజులు, అన్నీ మనవాళ్లతోనే. తన ప్రాణస్నేహితురాలు రెండు వీధుల అవతలే ఉంటుంది. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా మా ఇంట్లో అన్నం తినలేదు. పిలుద్దామనుకున్నప్పుడల్లా నాకు టెన్షన్. ఏం వండాలి, వాళ్ల అమ్మతో నా డచ్‌లో ఏం మాట్లాడాలి? ఐదేళ్లు ఇక్కడ చట్టబద్ధంగా ఉంటే పౌరసత్వం లేకపోయినా మున్సిపల్ ఎన్నికల్లో ఓటు వేయొచ్చు. కిందటిసారి నాకూ ఆ ఓటు కార్డు వచ్చింది. నేను వెళ్లలేదు.

అయినా తెలుగు క్లాసు మానిపించను. శతాబ్దాలు రెండో తరగతి వాళ్లుగా బతికిన ఇక్కడి కేథలిక్కులకు ఆ స్తంభమే నీడనిచ్చింది. మా పిల్లలకు తెలుగు దక్కాలన్నా అలాంటి నీడ కావాలి. అదే చెప్పాను. "మరి నా ఫ్రెండ్‌ని లోపలికి పిలవొచ్చుగా?" అంది.

స్పీచ్ డచ్‌లో బాగా వచ్చింది. తర్వాత విజయవాడలో ఉన్న అమ్మమ్మకు వీడియో కాల్‌లో తెలుగులో చెప్పించాను. అమ్మ శ్రద్ధగా విని, "ఏడు సీట్లు ఏ ఊళ్లల్లో గెలిచాడమ్మా?" అనడిగింది. ఇక్కడ నియోజకవర్గాలు ఉండవని, దేశమంతటా పడ్డ ఓట్లను బట్టే సీట్లు పంచుతారని తడుముకుంటూనే అంతా తెలుగులో చెప్పింది.

ఈ శనివారం తెలుగు క్లాసు అయ్యాక ఆ స్నేహితురాలు, వాళ్ల అమ్మ భోజనానికి వస్తున్నారు. పులిహోర చేస్తున్నాను.