ఫ్రిజ్ ఆగకుండా నడుస్తోందా? గ్యాస్ నింపించే ముందు ఇవి చూడండి

ఫ్రిజ్ మోటారు ఆగట్లేదని మెకానిక్‌ని పిలిస్తే, తలుపు తీసి లోపల చెయ్యి పెట్టి చూసి చాలామంది అనే మొదటి మాట 'గ్యాస్ అయిపోయిందండీ'. మొన్న ఎండాకాలంలో మల్కాజ్‌గిరిలో మా పిన్ని వాళ్ళింట్లోనూ అదే మాట. సరేనని డబ్బులిచ్చేసే ముందు ఆవిడ నాకు ఫోన్ చేసింది, అదే మంచిదైంది. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఫ్రిజ్‌ని చల్లబరిచే ఈ గ్యాస్ వంటగ్యాస్ సిలిండర్‌లా వాడేకొద్దీ ఖాళీ అయ్యేది కాదు. సీలు చేసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ళ తరబడి తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉందనే అర్థం, ఆ లీకు వెతక్కుండా మళ్ళీ నింపితే ఆ డబ్బులు కూడా ఆ కన్నంలోంచే పోతాయి.

ముందు మీది ఏ రకం ఫ్రిజ్జో చూడండి. ఇన్వర్టర్ కంప్రెసర్ (గ్యాస్‌ని తిప్పే మోటారునే కంప్రెసర్ అంటారు) అయితే అది దాదాపు ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది, అవసరాన్ని బట్టి వేగం పెంచుకుంటూ తగ్గించుకుంటూ ఉంటుంది తప్ప పాత ఫ్రిజ్‌లలా టక్కున ఆగదు. దానికి టెన్షన్ పడక్కర్లేదు. పాత రకమైనా సరే, బయట 42 డిగ్రీలు కాస్తూ, ఇంట్లో అందరూ గంటకోసారి చల్లని నీళ్ళ సీసా కోసం తలుపు తీస్తూ ఉంటే, మామూలు రోజులకంటే ఎక్కువసేపే నడుస్తుంది. రాత్రి అందరూ పడుకున్నాక కూడా ఆగకపోతే అప్పుడు అనుమానించాలి.

చవకలో తేలే పరీక్ష ఒకటుంది. గ్లాసుడు నీళ్ళలో థర్మామీటర్ వేసి (జ్వరం చూసేది కాదు, ఫ్రిజ్‌కి వాడేది) మధ్య అరలో రాత్రంతా ఉంచండి. పొద్దున్న 3 నుంచి 5 డిగ్రీల మధ్య చూపిస్తే చల్లదనం బాగానే ఉన్నట్టు, కాబట్టి గ్యాస్ మాట పక్కన పెట్టొచ్చు. లోపలి వేడి బయటికి పోవట్లేదో, బయటి వేడి లోపలికి వస్తోందో చూసుకోవాలి. కూరగాయలు గడ్డకట్టేంత చల్లగా ఉండి కూడా మోటారు ఆగట్లేదంటే, చల్లదనం చాలగానే మోటారుని ఆపే థర్మోస్టాట్ పోయి ఉండొచ్చు, మార్పించడమే.

పిన్ని వాళ్ళింట్లో చల్లదనం బాగానే ఉంది. మరి ఏమిటి అంటే, వాళ్ళ అపార్ట్‌మెంట్ వంటింట్లో ఫ్రిజ్ కోసం కట్టిన గూడు ఉంది, ఫ్రిజ్ అందులో సరిగ్గా ఇరుక్కుని కూర్చుంది, పైగా దుమ్ము పడకుండా పైన వేసిన పూల కవరు రెండు పక్కలా కిందికి వేలాడుతోంది. ఈ మధ్య ఫ్రిజ్‌లలో చాలావాటికి వెనకాల నల్ల జాలీ కనపడదు, వేడిని వదిలే గొట్టం పక్క గోడల రేకు వెనకే ఉంటుంది. అందుకే పక్కలు ముట్టుకుంటే వెచ్చగా తగులుతాయి, అది జబ్బు కాదు. ఆ వేడి పోవడానికి గాలి కావాలి, మనమేమో గుడ్డ కప్పి గోడకి ఆనించి పెడతాం! "పిన్నీ, ముందు ఆ కవరు తీసెయ్, బాబాయిని పిలిచి ఫ్రిజ్‌ని ఇవతలికి లాగించు" అన్నాను. చుట్టూ ఎంత ఖాళీ వదలాలో కంపెనీ పుస్తకంలోనే ఉంటుంది. వెనక జాలీ ఉన్న ఫ్రిజ్ అయితే ప్లగ్గు తీసి మెత్తటి బ్రష్‌తో బూజూ దుమ్మూ దులపండి.

తలుపు రబ్బరు కూడా చూశాం. ఒక కాగితం పెట్టి తలుపు మూసి లాగితే గట్టిగా పట్టుకోవాలి, జారిపోతుంటే అక్కడ గాలి లోపలికి వెళ్తున్నట్టే. వాళ్ళది కింది మూల జారింది. రబ్బరు మడతల్లో దోసెల పిండి ఎండి గట్టిపడి ఉంది. గోరువెచ్చని సబ్బునీళ్ళతో తుడిచాక మళ్ళీ పట్టుకుంది. చిరిగితే మాత్రం మార్చాల్సిందే. మర్నాటి రాత్రికి మోటారు ఆగి ఆగి నడుస్తోందని పిన్ని ఫోన్ చేసింది.

చల్లదనమే లేకపోతే కథ వేరు. డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ (మంచు దానంతటదే కరిగించుకునే) ఫ్రిజ్‌లో పైన ఫ్రీజర్ బాగుండి కింద పాలు విరుగుతున్నాయంటే, ఫ్రీజర్ వెనక ప్లేటు లోపల మంచు పేరుకుని కిందికి గాలి పోకపోవడం ఎక్కువగా చూసే కారణం. అంతా ఖాళీ చేసి, స్విచ్ కట్టేసి, తలుపులు తెరిచి రోజంతా వదిలేయండి, కింద పాత తువ్వాళ్ళు పరచండి. బాగై, కొన్నాళ్ళకి మళ్ళీ అదే వస్తే మంచు కరిగించే హీటరో, దాని సెన్సారో, టైమరో పోయినట్టు. సింగిల్ డోర్‌లో మంచు గడ్డ కడితే చాకుతో గీకకండి, దయచేసి. ఆ రేకులోనే గ్యాస్ గొట్టం ఉంటుంది, కన్నం పడితే అప్పుడు నిజంగానే గ్యాస్ పోతుంది.

నిజంగా లీకే అయితే, కంప్రెసర్ నడుస్తున్నా ఫ్రీజర్‌లో ఒక్క మూలే మంచు పట్టి మిగతాది పొడిగా ఉండటం ఒక గుర్తు. అప్పుడు మెకానిక్‌ని మూడు మాటలు అడగండి: లీకు ఎక్కడుంది, గ్యాస్ గొట్టంలోని ఫిల్టర్ మారుస్తారా, వ్యాక్యూమ్ కొట్టాకే (అంటే గొట్టాల్లోని గాలీ తేమా పంపుతో లాగేశాకే) గ్యాస్ ఎక్కిస్తారా. ఫ్రిజ్ మీద అంటించిన స్టిక్కర్‌లో ఏ గ్యాసో, ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది, తూకం వేసి అంతే ఎక్కించాలి. దాని మీద ఆర్600ఎ అని ఉంటే అది మండే గ్యాస్. కిటికీలన్నీ తెరిపించండి, స్టవ్ ఆపేయండి, గొట్టంలో గ్యాస్ మిగిలి ఉండగా మంట పెట్టి అతికించబోతే ఒప్పుకోకండి. ఆ పని తెలిసినవాళ్ళనే పిలవండి, కాస్త ఎక్కువ అడిగినా సరే.