ఊరేగింపు కారుకి వెక్కిళ్లు

పిన్ని కూతురి పెళ్లి వీడియో నేనే ఎడిట్ చేస్తానని నోరు జారాను. మూడు రాత్రులు నిద్ర లేదు.

పెద్ద కెమెరా సెకనుకి 25 ఫ్రేములు (బొమ్మలు), బావ గింబల్‌తో, అంటే కెమెరా వణక్కుండా పట్టే పిడితో, తీసిన షాట్లు 50, డ్రోన్ 30, ఇక చుట్టాల ఫోన్లలో ఎవరి లెక్క వాళ్లది. అన్నీ తెచ్చి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో పడేశా. 50వి హాయిగా సర్దుకున్నాయి, ఒకటి విడిచి ఒకటి తీసేస్తే సరి. డ్రోన్ షాట్‌లో మాత్రం ఊరేగింపు కారు వెక్కిళ్లు పెట్టింది. 30ని 25 చేయాలంటే ప్రతి ఆరో ఫ్రేమూ ఎగిరిపోవాలి, ఆ కుదుపు దానిదే. పక్కపక్క ఫ్రేముల్ని కలిపేసే ఫ్రేమ్ బ్లెండింగ్ పెడితే కారు పక్కన దెయ్యంలా ఇంకో కారు. కదలికని లెక్కగట్టి మధ్య ఫ్రేముల్ని కొత్తగా పుట్టించే ఆప్టికల్ ఫ్లో పెడితే డప్పు కొట్టేవాళ్ల చేతులు మైనంలా కరిగాయి. చివరికి షాట్ వేగాన్నే 83.33 శాతానికి తగ్గించా. ఒక్క ఫ్రేమూ పోలేదు, కారు కాస్త నిదానంగా కదిలిందంతే. ఊరేగింపేగా, ఎవరికి తెలుస్తుంది!

అసలు ఏడిపించింది అమ్మమ్మ మంగళహారతి. ఫోన్‌లో తీశారు. వెలుతురు తగ్గితే ఆ ఫోన్ తనంతట తనే ఫ్రేములు తగ్గించేసుకుంటుంది. నిమిషం గడిచేసరికి పెదాలు ఒకచోట, పాట ఇంకోచోట. పాటని నెమ్మది చేయలేం కదా. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియోలు మార్చే సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ 25కి, అంటే మొదట్నుంచి చివరిదాకా ఒకే లెక్కకి, మార్చి తెచ్చాకే రెండూ కలిశాయి. కుదుపు కొంచెం మిగిలింది కానీ ఆవిడ కూర్చునే పాడింది, కనిపించదు.

నిన్న పిన్నికి చూపించా. మొత్తం చూసి, "ఒరేయ్, మా ఆడపడుచు ఎక్కడా లేదేంట్రా?" అంది.